రెండో గంట దాకా లేవొద్దు

రెండో శనివారం, బడికి సెలవు. ఆ పొద్దున సునీల్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఊళ్ళో ఒక గంట మోగుతుంది. పదో తరగతి పిల్లలంతా ఎవరి ఇళ్ళలో వాళ్ళు పుస్తకాలు తెరుస్తారు. అరగంటకు రెండో గంట మోగుతుంది. లేచి కాసేపు కాళ్ళు చాపుకుంటారు. మళ్ళీ గంట, మళ్ళీ చదువు. ఆయన పోతిరెడ్డిపల్లిలోని తన ఇంట్లో ఉప్మా తిని, బండి మీద తీరిగ్గా బయల్దేరి, కంది గ్రామం మీదుగా తన బడి ఉన్న ఊరు చేరుకుని, వీధి వీధీ తిరిగి కిటికీల్లోంచి ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసుకుంటాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తాడు.

సునీల్‌కుమార్ భానూరు దాటాక వచ్చే ఆ ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు. మనిషి నెమ్మది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా వెళ్ళలేదు. ఆ సంగతి ఎవరూ గమనించనూ లేదు. ఈమధ్యే సంగారెడ్డిలో టీచర్లకు ఒక శిక్షణ జరిగింది. హైస్కూల్ పిల్లలకు సమయపాలన ఎలా నేర్పాలన్నది విషయం. వెళ్ళినవాళ్ళలో చాలామంది సంతకం పెట్టి, భోజనం చేసి, వెళ్ళిపోయారు. సునీల్‌కుమార్ ముందు వరసలో కూర్చుని, చెప్పినవన్నీ విని, అన్నీ నమ్మాడు.

మర్నాడే పదో తరగతిలో పాఠం మొదలుపెట్టాడు. అరగంట చదువు, తర్వాత కొంచెం విశ్రాంతి, మళ్ళీ అరగంట. ఇలా చదివితే పరీక్షల నాటికి సిలబస్ రెండుసార్లు తిరగేయవచ్చని బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. లెక్క తప్పు లేదు. అప్పుడు క్లాసు లీడరు రేఖ లేచి నిలబడింది. ఏం చెప్పినా అక్షరాలా పాటించే పిల్ల. అందుకని ఆమె ఏదైనా అడిగితే టీచర్లు కొంచెం జాగ్రత్తగా జవాబు చెబుతారు.

"సార్, అరగంట అయిందని ఎట్ల తెలుస్తది?"

"గడియారం చూడు."

"మా ఇంట్ల గడియారం ఆగిపోయింది సార్. ఫోన్ల చూసుకోవాలె. ఒక్కసారి ఫోన్ చేతులకు తీసుకుంటే ఇగ అండ్లకెళ్ళి బయటికి రాబుద్ధి కాదు."

క్లాసంతా ఆమెను బలపరిచింది. పదో తరగతి మొత్తం ఒకే మాట మీద నిలబడటం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. సునీల్‌కుమార్ ఆలోచించాడు. ఊరంతటికీ వినబడే గంట ఒకటి ఉంటే గడియారంతో పనిలేదు, ఫోన్‌తో అంతకన్నా పనిలేదు. ఊరంతటికీ వినబడేది పంచాయతీ మైకు ఒక్కటే. నీళ్ళ ట్యాంకు మీద నాలుగు దిక్కులకూ నాలుగు హారన్లు బిగించి ఉన్నాయి. నల్లా నీళ్ళు వస్తాయన్నా, ఎవరి మేక తప్పిపోయిందన్నా అందులోనే చెబుతారు.

హెడ్‌మిస్ట్రెస్ కమలాకుమారి మేడమ్‌కు ఈ ఆలోచన నచ్చలేదు. రిటైర్‌మెంటు దగ్గరపడిన ఆమెకు కొత్తగా ఏ ఆలోచన చెప్పినా నచ్చడం లేదు.

"మైకు మనది కాదు సునీల్ సార్, పంచాయతీది. ఏమన్న అయితే పైనుంచి నన్ను అడుగుతరు."

"గంట మోగితే ఏమైతది మేడమ్?"

"ఏమైతదో ఎరుకైతే ఇప్పుడే చెప్తుండె కదా," అని ఆమె చివరికి తలూపింది.

మైకు పెట్టే చిన్నరాములు వెంటనే ఒప్పుకున్నాడు. అతను పంచాయతీ పనివాడు. ఊళ్ళో నీళ్ళు వదిలేదీ కట్టేసేదీ అతనే. అయితే ఒక షరతు పెట్టాడు. "నేను ఆడ నిలబడి గంట కొట్టాలంటే కాదు సారూ. నాకు వాల్వుల కాడ పని ఉంటది. సప్పుడు నా ఫోన్‌కు పంపుండ్రి. మైకు ముంగట పెడ్త."

ఆ చప్పుడు తెచ్చే పని సునీల్‌కుమార్ రేఖకు అప్పగించాడు. గుడి గంట అయితే పూజ అనుకుంటారు. బడి గంట అయితే చిన్నపిల్లలు సంచులు వేసుకుని వచ్చేస్తారు. "మొద్దు నిద్రల ఉన్నోడు గూడ లేచి కూసోవాలె బిడ్డా. గట్లాంటి సప్పుడు చూడు," అని చెప్పాడు. తర్వాత క్లాసువైపు తిరిగి శిక్షణలో విన్న ముఖ్యమైన సూత్రాన్ని కూడా చెప్పాడు. "మన టైం ఖరాబు చేసేది మనల్ని పిలిచేటోళ్ళే. గంట మోగినంక, రెండో గంట దాకా లేవొద్దు. అమ్మ పిలిచినా లేవొద్దు, నాయిన పిలిచినా లేవొద్దు. ఆఖరికి నేనొచ్చి పిలిచినా సరే, లేవొద్దు."

పిల్లలు తలలూపారు. రేఖ రాసుకుంది.

రేఖ వాళ్ళ నాన్న జైపాల్ ఊరి పక్కనే ఉన్న మందుల కంపెనీలో పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడంటే పక్కన పెళ్ళి బ్యాండు వాయించినా లేవడు. అలాంటివాణ్ణి మంచం మీద లేపి కూర్చోబెట్టగలిగిన చప్పుడు రేఖకు తెలిసి ఒక్కటే ఉంది. కంపెనీవాళ్ళు ప్రతి సోమవారం పరీక్ష కోసం మోగించే ప్రమాదపు సైరన్. సారు అడిగిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. సోమవారం ఆమె డాబా ఎక్కి దాన్ని ఫోన్‌లో రికార్డు చేసింది. చాలా స్పష్టంగా వచ్చింది. దాన్ని చిన్నరాములుకు పంపి, సారుకు "గంట రెడీ సార్" అని చెప్పింది. సారు చాలా సంతోషించాడు, వినలేదు.

శనివారం తొమ్మిది కావస్తుండగా చిన్నరాములు పంచాయతీ గదిలోకి వెళ్ళాడు. అరగంటకోసారి వాల్వు వదిలి వచ్చి ఫోన్ నొక్కడం అతనికి కుదిరే పని కాదు. కాసేపు ఆలోచించి, పాట అయిపోగానే మళ్ళీ మొదటినుంచి వచ్చే ఏర్పాటు ఫోన్‌లో ఉందని గుర్తు తెచ్చుకుని దాన్ని పెట్టాడు. సారుకు గంట కావాలి, గంట మోగుతుంది. ఎక్కువ మోగితే ఎక్కువ చదువుతారు. ఫోన్ మైకు ముందు నిలబెట్టి, మీట నొక్కి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, సైకిలెక్కి ఊరి ఆ చివర వాల్వు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సోమవారం సైరన్ మోగితే ఆ ఊళ్ళో కోడి కూడా తల ఎత్తదు. శనివారం మోగడం వేరు. మోగి ఆగకపోవడం మరీ వేరు. నాలుగు హారన్లూ ఒక్కసారిగా ఎక్కుతూ దిగుతూ ఏడుపు మొదలుపెట్టేసరికి జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. జైపాల్ వాళ్ళ అమ్మ నర్సింహమ్మ చేతిలోని చీపురు కింద పడేసి, "కంపిన్ల గ్యాసు లీకయిందిరో!" అని ఒక కేక వేసింది. ఆ కేక వీధి చివరకు చేరేలోపే ఆ మాటకు రుజువు కూడా సిద్ధమైంది.

రుజువు ముత్యమ్మ ఇంట్లో ఉంది. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ముత్యమ్మ ఆ పొద్దున ఏడాదికి సరిపడా కారం పట్టించుకుందామని వాకిట్లో పెద్ద బాండ్లి పెట్టి ఎండు మిరపకాయలు వేయిస్తోంది. సైరన్ వినగానే గరిటె వదిలేసి, మనవణ్ణి చంకన వేసుకుని పరుగెత్తింది. పొయ్యి మండుతూనే ఉంది. మిరపకాయలు మాడాయి. ఆ ఘాటు గోడ దాటి పక్కింటికి, పక్కింటి నుంచి సందులోకి, సందు నుంచి బజారుకు చేరింది. ఒకరు దగ్గారు. వాళ్ళను చూసి భయపడి గట్టిగా గాలి పీల్చినవాళ్ళు ఇంకా గట్టిగా దగ్గారు. కళ్ళు మండుతున్నాయన్నారు. గొంతు పట్టేసిందన్నారు. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

జైపాల్ అప్పటికే మంచం మీద కూర్చున్నాడు. కంపెనీ మనిషి కాబట్టి ఏం చేయాలో అతనికి తెలుసు. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. లుంగీ ఒకటి కర్రకు కట్టి డాబా మీద నిలబెట్టి గాలి ఎటు వీస్తోందో చూశాడు. "గాలికి అడ్డం పోవాలె! వెంచర్ దిక్కు నడువుండ్రి, వెంచర్ దిక్కు!" అని పైనుంచి అరిచాడు. రోడ్డుకు అవతల ఎత్తు మీద ప్లాట్లు వేసిన వెంచర్ ఒకటి ఉంది. ఏళ్ళుగా అమ్ముడుపోక ఖాళీగా పడి ఉంది. ఊరు అటు కదిలింది.

అంత తొందరలోనూ జైపాల్ కంపెనీ గేటుకు ఫోన్ చేశాడు. గేటు దగ్గర బీహార్ కుర్రాడు ఎత్తాడు.

"ఇధర్ తో సబ్ ఠీక్ హై భయ్యా."

జైపాల్ ఫోన్ పెట్టేసి, "అంత ఠీకున్నదని అంటున్నడు," అన్నాడు తల్లితో.

"అట్లన్నడా? అయితే పెద్దగనే అయింది బిడ్డా," అంది నర్సింహమ్మ. ఆమెను ఆటో ఎక్కించి పంపేశాడు. ఆమె తన కోళ్ళ గంపను కూడా ఒళ్ళో పెట్టుకుంది.

నిజానికి కంపెనీలో అప్పుడే అంతా ఠీక్‌గా లేకుండా పోయింది. సేఫ్టీ ఆఫీసరు శ్రీలత గదిలోంచి బయటకు వచ్చి చెవి ఒగ్గి విన్నది. అది తమ సైరనే. ఆ ఎక్కడం, దిగడం, మధ్యలో వచ్చే చిన్న బొంగురు ఆమెకు బాగా తెలుసు. లోపల హెచ్చరికల బోర్డు మీద మాత్రం ఒక్క లైటూ వెలగలేదు. అంటే బోర్డు పాడైందన్నమాట. ముందు మనుషుల్ని బయటకు పంపాలి, కారణం తర్వాత వెతకాలి. ఆమె షిఫ్టు మొత్తాన్ని పని ఆపించి వెంచర్ వైపు నడిపించింది. తెల్ల టోపీలు పెట్టుకుని గేటులోంచి వరసగా వస్తున్న కార్మికుల్ని చూసి ఊరివాళ్ళ గుండెలు జారాయి. ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని దగ్గుతూ పరుగెత్తుతున్న ఊరివాళ్ళను చూసి కార్మికుల గుండెలు జారాయి. అప్పటిదాకా నడుస్తున్న రెండు గుంపులూ పరుగు అందుకున్నాయి.

ఊళ్ళో ఒక్క పదో తరగతి మాత్రం కదల్లేదు.

సైరన్ మొదలవగానే పిల్లలంతా బుద్ధిగా పుస్తకాలు తెరిచారు. తల్లిదండ్రులు పిలిచారు, లేవలేదు. చెయ్యి పట్టి లాగారు, తలుపు చెక్క పట్టుకున్నారు. "సారు లేవొద్దన్నడు," అన్నారు. చుట్టూ ప్రాణాలు పోతుంటే పాఠ్యపుస్తకం చదువుతున్న కొడుకును ఆ ఊళ్ళో ఏ తల్లీ ఇంతకుముందు చూసి ఉండలేదు. దానికి ఒక్కటే కారణం తోచింది. "పోరగానికి గ్యాసు తలకెక్కింది!" అనిల్ అనే కుర్రాణ్ణి నలుగురు కలిసి మంచంతో సహా ఎత్తుకుపోయారు. అతను మంచం మీద బోర్లా పడుకుని సాంఘికశాస్త్రం చదువుతూనే వెళ్ళాడు.

సరిగ్గా ఆ వేళకు సునీల్‌కుమార్ బండి ఊరి పొలిమేరకు వచ్చింది. ఎదురుగా ఊరంతా తనవైపే పరుగెత్తి వస్తుండడంతో ఆయన బ్రేకు వేశాడు. గాల్లో సైరన్ మోగుతోంది. అది తన గంట అని ఆయనకు తోచే అవకాశమే లేదు. ఆయన మనసులో ఉన్న గంట చాలా మర్యాదగా మోగుతుంది.

ఆటోలోంచి నర్సింహమ్మ తల బయట పెట్టింది. "సారూ! గ్యాసు లీకయింది సారూ! నీ బడి పోరగాళ్ళు లేస్తలేరు! మా రేఖ గట్లనే బొమ్మ తీరు కూసున్నది!"

సునీల్‌కుమార్ ధైర్యవంతుడని ఎవరూ అనరు. ఆయన కూడా అనుకోడు. అయినా ఆ మాట విన్న తర్వాత బండి వెనక్కి తిప్పాలని ఆయనకు అనిపించలేదు. నీళ్ళసీసా తీసి చేతిరుమాలు తడుపుకుని, ముక్కుకు అదుముకుని, ఒంటిచేత్తో బండి నడుపుతూ జనానికి ఎదురు వెళ్ళాడు. బజారులోకి వచ్చేసరికి ఘాటు తగిలింది. కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి. నలభై మంది పిల్లల ముఖాలు కళ్ళ ముందు కదిలాయి. నెమ్మదిగా నడిపే అలవాటున్న మనిషి ఆ సందులో బండిని ఒక గోడకూ ఒక గేదెకూ రాసుకుంటూ వెళ్ళి జైపాల్ ఇంటి ముందు ఆపాడు.

లోపల జైపాల్ కూతుర్ని ప్లాస్టిక్ కుర్చీతో సహా లేపే ప్రయత్నంలో ఉన్నాడు. రేఖ ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో త్రికోణమితి లెక్క చేస్తోంది.

"సారూ, మీరన్న చెప్పుండ్రి," అన్నాడు జైపాల్ రొప్పుతూ. "నా మాట ఇంటలేదు. దీనికేదో అయింది."

"రేఖా! లే! జల్దీ లే!" అని సునీల్‌కుమార్ అరిచాడు.

రేఖ ఆయనవైపు చూసి చిన్నగా నవ్వింది. "లేవను సార్."

"పిచ్చిదానా, నేను పిలుస్తున్న!"

"మీరు పిలిచినా లేవొద్దని మీరే చెప్పిన్రు కద సార్. పరీక్ష చేస్తున్నరని నాకు తెల్సు."

"పరీక్ష కాదు బిడ్డా! కంపెనీల గ్యాస్ లీకయింది. ఆ సైరన్ ఇనబడ్తలేదా నీకు?"

రేఖ పెన్ను కింద పెట్టింది. ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం అయోమయం కనిపించింది.

"అది సైరన్ కాదు సార్," అంది. "మన గంట."

సునీల్‌కుమార్ చేతిరుమాలు ముక్కు మీదనుంచి మెల్లగా కిందికి దిగింది. జైపాల్ కుర్చీ వదిలేశాడు. రేఖ డాబా మీద రికార్డు చేసిన సంగతి మొదలు అంతా వివరంగా చెప్పింది. చివర్లో, "రాములన్న రెండో గంట ఎప్పుడు కొట్టిండో సమజ్ అయితలేదు సార్. ఆగకుండ మోగుతున్నది. అందుకే లేవలే," అంది.

ముగ్గురూ పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తారు. తలుపుకు తాళం ఉంది. లోపల చిన్నరాములు ఫోన్ తన పని తాను చేసుకుంటోంది. జైపాల్ ఒక్క క్షణం చూసి, వెనకవైపు గోడకున్న ఫీజు పెట్టె తెరిచి ఫీజు లాగేశాడు. సైరన్ సగం ఏడుపులో తెగిపోయింది.

ఆ నిశ్శబ్దం వెంచర్ మీద నిలబడ్డ జనానికి చేరింది. "సైరన్ మోగిచ్చేటోడు గూడ పోయిండు!" అని ఎవరో అన్నారు. నర్సింహమ్మ కోళ్ళగంప పట్టుకుని ఏడ్చింది.

పంచాయతీ గోడ దగ్గర జైపాల్ గొంతు తగ్గించి మాట్లాడాడు. "సారూ, ఊరోళ్ళకు ఎరుకైతే మిమ్ముల ఇడిసిపెట్టరు. ఈ ఎనుక పొలాలకెళ్ళి బండ్లబాట ఉన్నది. సక్కగ కంది రోడ్డుకు ఎక్కుతది. మీరు ఎల్లిపోండ్రి. నేనేదో ఒకటి చెప్త."

"సప్పుడు తెచ్చింది నేను డాడీ," అంది రేఖ. "నేను చెప్త."

సునీల్‌కుమార్ బండ్లబాట వైపు చూశాడు. నిజంగానే చూశాడు. సస్పెన్షన్, పోలీసు స్టేషన్, ఇంట్లో భార్య ముఖం వరసగా గుర్తుకొచ్చాయి. తర్వాత రేఖ వైపు చూశాడు. "నువ్వు నోరు తెరవొద్దు," అన్నాడు. "సప్పుడు తెమ్మన్నది నేను. ఇనకుండనే మంచిగున్నదనుకున్నది గూడ నేను. నేనే చెప్త." ఆ మాట అన్నాక బండి నడపమని జైపాల్‌కు ఇచ్చి, వెనక కూర్చున్నాడు. వాళ్ళ వెనకే రేఖ నడిచింది.

వెంచర్ మీద అప్పటికి ఊరూ కంపెనీ షిఫ్టూ మొత్తం ఉన్నాయి. ఫైరింజను వచ్చింది. అంబులెన్సు వచ్చింది. తహసీల్దారు జీపు వచ్చింది. సంగతి ఫోన్‌లో తెలిసి కమలాకుమారి మేడమ్ ఆటోలో వచ్చింది. అందరికన్నా ముందు వచ్చి వెంచర్ కమాను కింద నీడలో కూర్చున్నవాడు చిన్నరాములు. సునీల్‌కుమార్ అతని దగ్గరికి వెళ్ళి అడిగాడు. "రాములూ, అది నువ్వు పెట్టిన గంటేనని నీకెరుకే కద. నువ్వెందుకు ఉరికినవ్?"

"నేను పెట్టింది గంటేనని నాకెరుకే సారూ," అన్నాడు చిన్నరాములు. "కానీ ఊరంత దగ్గుతున్నది. గంట ఇంటే దగ్గొస్తదా?"

ఇంకోవైపు శ్రీలత చెమట తుడుచుకుంటూ తహసీల్దారు ముందు నిలబడి ఉంది. ఆమె మనుషులు కొలిచే యంత్రాలతో కంపెనీ చుట్టూ తిరిగి వచ్చారు. ఎక్కడా ఏ గ్యాసూ లేదు. తమ సైరన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఇక మిగిలింది ఒక్కటే. చెప్పకుండా అధికారులే ఆకస్మిక డ్రిల్లు పెట్టి ఉంటారు. ఆ సంగతి తనకు ఇప్పుడే తెలిసిందని బయటపడటం మంచిది కాదు.

"సడెన్‌గా పెట్టినా మావాళ్ళు బాగానే స్పందించారు కదా సర్?" అంది.

తహసీల్దారుకు ఏమీ అర్థం కాలేదు. గ్యాసు లీకయిందని ఫోన్ వస్తే ఉన్నపళంగా వచ్చాడు. ఇప్పుడు ఈవిడ ఏదో పెట్టారంటోంది. ఏదో కార్యక్రమం ఉండి ఉంటుంది. దాని ఉత్తర్వు తన బల్ల మీద విప్పకుండా పడి ఉంటుంది. ఆ సంగతి బయటపడటం అంతకన్నా మంచిది కాదు.

"స్పందన చాలా బాగుంది," అన్నాడు గంభీరంగా.

అప్పుడు సునీల్‌కుమార్ ఆయన ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. కమలాకుమారి మేడమ్ వెనకనుంచి "సునీల్ సార్, ఆగుండ్రి" అంటూనే ఉంది.

"సార్, ఆ సైరన్ పెట్టించింది నేనే. ఈ బళ్ళె లెక్కల టీచర్ని. నాదే జిమ్మేదారి. మా పిల్లలది గానీ, చిన్నరాములుది గానీ తప్పు లేదు."

తహసీల్దారు ముఖం విచ్చుకుంది. ఈ కార్యక్రమానికి ఒక యజమాని దొరికాడు. "మీరా! ఒక టీచర్! ఎందుకు పెట్టించాలనిపించింది మీకు?"

"సమయపాలన కోసం సార్," అన్నాడు సునీల్‌కుమార్ తలవంచుకుని. "పిల్లలకు టైం విలువ తెలవాలని..."

"చూశారా!" అని తహసీల్దారు శ్రీలత వైపు తిరిగాడు. "ఆపద వచ్చినప్పుడు టైమే కదా ప్రాణం. మనకెవరికైనా తట్టిందా?"

"నిజం సర్," అంది శ్రీలత. ఆమెకు పెద్ద బరువు దిగినట్టుంది. "పోయినేడు మేం డ్రిల్లు పెట్టి, ముందే చాటింపు వేయించి, టిఫిన్ ఇస్తామన్నా ఈ ఊరి నుంచి ఒక్క ముసలాయన వచ్చారు. ఆయన కూడా బర్రె తప్పిపోయిందని వెతుక్కుంటూ వచ్చారు. ఇవ్వాళ ఊరు ఊరంతా వచ్చింది."

"అది కాదు సార్, నేను చెప్పేది..." అని సునీల్‌కుమార్ మళ్ళీ మొదలుపెట్టాడు. కమలాకుమారి మేడమ్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నిజం చెప్పిన్రు. ఆయన ఇన్నడు. ఇగ సాలు," అంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో సంతోషం కనిపించింది.

ఈ మాటలు జనంలోకి పాకాయి. జనం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నర్సింహమ్మ ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే గ్యాసు లేదా?"

"లేదమ్మా," అన్నాడు తహసీల్దారు.

"మరి ఊరంత ఎందుకు దగ్గింది? మేము ఉత్తగనే దగ్గినమా?"

జవాబు గుంపు వెనకనుంచి వచ్చింది. "అయ్యో, నా మిరపకాయలు!" అని ముత్యమ్మ కేక పెట్టి, మనవణ్ణి పక్కవాళ్ళ చేతుల్లో పడేసి ఊరి వైపు పరుగెత్తింది. ఆమె వెంట ఫైరింజను వెళ్ళింది. ఆ రోజు దానికి దొరికిన పని అదొక్కటే. సునీల్‌కుమార్ మీద పడవలసిన ఊరి కోపమంతా ముత్యమ్మ బాండ్లి మీదికి మళ్ళింది. ఇంతలో కంపెనీవాళ్ళు మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మాడిన మిరపకాయలకు బదులు వేరేవి ఇప్పిస్తామని శ్రీలత మాట ఇచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూడటానికి కర్ర మీద లుంగీ కట్టినందుకు తహసీల్దారు జైపాల్ భుజం తట్టాడు. డాబా మీది లుంగీ తెప్పించి, దాంతో సహా ఫోటో తీశారు.

ఆ సాయంత్రం సునీల్‌కుమార్ ఇంటికి వెళ్ళి, సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌ను దిండు కింద దాచి పడుకున్నాడు. సోమవారం బడికి వెళ్ళేసరికి కమలాకుమారి మేడమ్ గుమ్మంలోనే ఎదురైంది. మండలంలో ఇలాంటి డ్రిల్లులన్నిటికీ ఆయన్నే బాధ్యుడిగా వేశారని చెప్పింది. బుధవారం బళ్ళోనే సన్మానం అని కూడా చెప్పింది. తను చేసింది డ్రిల్లు కాదని ఆయన మరోసారి చెప్పబోయాడు. "ఇప్పుడు డ్రిల్లు కాదంటే, మరి ఆనాడు మోగింది ఏందో చెప్పాలె సార్," అంది మేడమ్.

బుధవారం పది గంటలకు సభ అన్నారు. పదో తరగతివాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ పొద్దున చెప్పవలసిన గణితం పునశ్చరణను సునీల్‌కుమార్ సాయంత్రానికి మార్చాడు. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. పిల్లలు స్వాగతం పాట ఒకసారి పాడి, మర్చిపోతారేమోనని ఇంకోసారి పాడారు. సునీల్‌కుమార్ మెడలో దండ లేకుండానే వేదిక మీద కూర్చుని వాచీ చూసుకున్నాడు, చూస్తే బాగుండదని మానేశాడు. మధ్యాహ్న భోజనాలు అయిపోయాక తహసీల్దారు జీపు దుమ్ము రేపుకుంటూ గేటులోకి వచ్చింది. ఆయన సునీల్‌కుమార్‌కు శాలువా కప్పి, మైకు అందుకుని, ముందు వరసలో కునుకుతున్న పిల్లల వైపు తిరిగాడు.

సమయం విలువ గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు.